క్లచ్ దండగ కాదు

కరెంటు బైకుకు క్లచ్ పెట్టడమంటే ఫ్యానుకు గేర్లు బిగించడమే అని, అది దండగని ఒక వ్యాసకర్త రాసింది చదివి నవ్వుకున్నాను. ఊళ్లో తిరిగే స్కూటరుకైతే ఒప్పుకుంటాను. బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఎడమ చేతికి విశ్రాంతి దొరకడం చిన్న వరమేమీ కాదు. ట్రయల్స్, అంటే కాలు కింద పెట్టకుండా బండలూ గట్లూ ఎక్కించే బైకు పోటీల సంగతి వేరు.

బెంగళూరు దగ్గరి రామనగర వైపు నడుమెత్తు బండ ముందు బైకు నిలిపి చూస్తే తేడా తెలుస్తుంది. వేగం అందుకోవడానికి జాగా ఉండదు, పోటీలో కాలు కింద పెడితే పెనాల్టీ పాయింటు. పెట్రోలు బండి అయితే ఒక్క వేలితో క్లచ్ పట్టి, ఇంజను వేగం పెంచి, టక్కున వదిలేస్తాం. ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) దాచుకున్న శక్తి ఒక్క కుదుపులో వెనక చక్రానికి చేరుతుంది. మోటారుకు సున్నా వేగం నుంచే టార్క్ (తిప్పే బలం) ఉంటుందన్నది నిజమే. కానీ ఆ క్షణాన అది ఇవ్వగలిగేది కంట్రోలర్ (మోటారుకు కరెంటు కొలిచి ఇచ్చే పరికరం) వదిలే కరెంటు మేరకే. ముందే తిప్పి పెట్టుకున్న ఫ్లైవీల్‌కు ఆ హద్దు లేదు. దాని వేగం రెట్టింపయితే నిల్వ శక్తి నాలుగింతలవుతుంది. యమహా 2018లో తెచ్చిన టీవై-ఈ ట్రయల్స్ బైకులో క్లచ్, ఫ్లైవీల్ రెండూ ఉన్నది ఊరికే కాదు.

సొంతంగా అమర్చుకోవాలనుకునేవారు చూసుకోండి: చక్రంలోనే ఉండే హబ్ మోటారుకు ఇది కుదరదు, మధ్యలో క్లచ్‌కు చోటే లేదు. లివరు పట్టగానే కరెంటు ఆగిపోయేలా స్విచ్ పెట్టి దాన్నే క్లచ్ అనేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మోటారే తిరగదు, వదలడానికి దాచుకున్న శక్తీ ఉండదు. మా మిత్రుడొకడు అదే చేసి, ముందు చక్రం బండకు ఆనించి అక్కడే ఆగిపోయాడు.