పాల లెక్కతోనే పశువును కొలవొద్దు

దేశీ పశుజాతుల అభివృద్ధికి కేంద్రం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ గోకుల్ మిషన్ పథకం వల్ల పశుపోషకుల ఆదాయం పెరిగిందని మీ పత్రికలో రాశారు. మాది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, శబరి నది ఒడ్డున మోటు దగ్గర ఊరు. మా నేల పేరే పెట్టుకున్న మోటు జాతి పశువులు మావి. పొట్టివి, ఎర్రగా ఉంటాయి, చాలావాటికి కొమ్ములుండవు. పాలు దూడకే సరిపోవు. కానీ నడిఎండలో అరక లాగుతాయి, అడవిలో దొరికింది మేసి సాయంత్రానికి వాటంతటవే దొడ్డికి చేరతాయి. పథకాలేమో లీటర్లే అడుగుతాయి. 2022లో పశువులకు లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు మా ఎద్దు ఒళ్ళంతా బొబ్బలు. వేపాకు నీళ్ళతో కడుగుతూ డాక్టరు కోసం ఐదు రోజులు చూశాం. ఆ ఏడు దుక్కి ఆగిపోయింది. ఢిల్లీలో విధానం రాసేవాళ్ళు దుక్కిటెద్దునూ, అడవిలో మేత హక్కునూ అందులో చేర్చాలి. సంచార పశువైద్య బండి మా గూడేల దాకా రావాలి.