సవరణ: కళ్లజోడు స్క్రూకి సూపర్ గ్లూ వద్దు

కళ్లజోడు స్క్రూలు బిగించుకోవడం గురించి ఇంతకు ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

స్క్రూ మళ్లీ వదులవకుండా ఒక చుక్క సూపర్ గ్లూ వేయమన్నాం. వేయకండి. అది మరల్లోకి దిగి గట్టిపడితే తర్వాత స్క్రూ తీయడం కష్టం. పైగా ఆరేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. దాని బదులు రంగులేని నెయిల్ పాలిష్ చాలు, అదీ లోహపు ఫ్రేమ్‌కే. స్క్రూ పూర్తిగా తీసి, గుండుసూది మొనతో మరల మీద రవ్వంత రాసి, వెంటనే బిగించి ఆరనివ్వాలి. ప్లాస్టిక్ ఫ్రేమ్ దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వొద్దు, అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

రెండోది, స్క్రూలన్నీ ఆగేదాకా తిప్పమనడం. కాడ మడత దగ్గరి స్క్రూకి అది కుదరదు. బిగించాక కాడను తెరిచి మూసి చూడండి. దానంతట అది వాలిపోకూడదు, వేలితో నెడితే సాఫీగా కదలాలి. బిర్రుగా ఉంటే పావు చుట్టు వెనక్కి తిప్పండి.

అద్దాన్ని పట్టి ఉంచే స్క్రూని గట్టిగానే బిగించాలి. అయినా ఫ్రేమ్ అంచుల మధ్య సందు మూసుకోకపోతే తప్పు స్క్రూది కాదు, అద్దం గాడిలో సరిగ్గా కూర్చోలేదు. బలవంతంగా తిప్పితే మరలు అరిగిపోతాయి, ఒక్కోసారి అద్దం అంచు పెచ్చు లేస్తుంది. స్క్రూ వదులు చేసి, అద్దాన్ని సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగించండి.