కందిపొడి డబ్బాలో నల్లపూసలు: చెన్నై ఎయిర్‌పోర్ట్ మెసేజ్‌కి నా జవాబు

రెండు నెలల్లో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఐదోసారి. మొదట మా తోడల్లుడు పంపాడు. తర్వాత కావలి మావయ్య. ఆ తర్వాత ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు, పది నిమిషాల తేడాతో, ఒకరు పెట్టింది ఇంకొకరు చూడకుండా. నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా వచ్చేసింది. పంపినాయన తన బాల్కనీలో నిలబడితే దిగే విమానం చక్రాలు కనబడతాయి. కనీసం ఆయనకైనా అనుమానం రావద్దా?

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. "నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకు ముఖ్య గమనిక. విదేశాలకు వెళ్లేవాళ్లు చెన్నై ఎయిర్‌పోర్ట్ జోలికి పోకండి" అని మొదలు. కారణాలు ఏడు. పైకప్పు ఊడి మీద పడుతుంది. వాన పడితే మునిగిపోతుంది. టాక్సీవాళ్ల దోపిడీ తప్ప ఊళ్లోకి వేరే దారి లేదు. తమిళం రాకపోతే ఎవరూ పట్టించుకోరు. లోపల ఇడ్లీ తినాలంటే ఆస్తులమ్ముకోవాలి. వచ్చే ఏడాది ఎలాగూ మూసేస్తున్నారు. ఇక ఏడోది: కస్టమ్స్ వాళ్లు ఆడవాళ్ల ఒంటి మీది బంగారం లాగేసుకుంటారు, 40 గ్రాములు దాటితే జప్తు, కాబట్టి నగలు విప్పేసి చెకిన్ సూట్‌కేసులో పొడుల డబ్బాల్లో పెట్టండి. చివర్లో "హైదరాబాద్ నుంచి హాయిగా వెళ్లండి" అని సలహా, ఆరు నమస్కారాలు, ఒక జెండా.

నాకెందుకింత మంట అంటే, మాది చెన్నై ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న నంగనల్లూరు. పద్దెనిమిదేళ్లుగా మా నెల్లూరు బంధువుల్లో విమానం ఎక్కేవాళ్లంతా ముందురోజు దిగేది మా ఇంట్లోనే. హాల్లో తలుపు వెనక కొక్కెం త్రాసు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ముల్లు 23 దాటిందంటే ఏ సంచిలోంచి ఏ చింతపండు తీయాలో మా ఆవిడకి నోటికి వచ్చు. ఆ ఎయిర్‌పోర్ట్‌ని తిట్టే హక్కు ఎవరికైనా ఉందంటే ముందు మాకుంది. తెలియకుండా తిడితేనే ఒళ్లు మండుతుంది.

చిన్నవి ముందు తేల్చేద్దాం. తమిళం రాకపోతే పట్టించుకోరట. గేటు దగ్గర టికెట్ చూసే సీఐఎస్‌ఎఫ్ జవానుకి చాలాసార్లు తమిళమే రాదు. నా ముందు మైలాపూరు ముసలాయన ఒకాయన ఆ జవానుతో హిందీలో పడ్డ అవస్థ చూస్తే మనమే నయం. ఇడ్లీ సంగతా? ఖరీదే. ఏ ఎయిర్‌పోర్ట్‌లో చవకో చెప్పండి, అక్కడికే వెళ్దాం. నిజానికి 2025 ఫిబ్రవరిలో ఇక్కడి దేశీయ టెర్మినల్‌లో ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టి 10 రూపాయలకి టీ, 20కి సమోసా అమ్మడం మొదలుపెట్టారు. ఆ మెసేజ్ ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. మూసేస్తున్నారన్నది ఇంకో వింత. కొత్తది పరందూరులో కడతామంటున్నారు. అది కాంచీపురం జిల్లా, చెన్నై నగరానికి దాదాపు 70 కిలోమీటర్లు. ఏకనాపురం ఊరివాళ్లు మా పొలాలు ఇవ్వం అని 2022 నుంచి కూర్చున్నారు. అది ఎప్పుడు వచ్చినా రెండూ నడుస్తాయనే ప్రభుత్వం చెబుతోంది. మన నెల్లూరు దగ్గర దగదర్తి ఎయిర్‌పోర్ట్ కోసం ఎన్నేళ్లుగా ఎదురు చూస్తున్నామో తెలిసినవాళ్లు "వచ్చే ఏడాది" అన్న మాట ఎలా నమ్మారో!

పైకప్పు. నిజమే, ఊడిపడింది. ఒకసారా రెండుసార్లా? 2013లో తెరిచిన భవనాల్లో అద్దాలు, సీలింగ్ పలకలు ఎన్నిసార్లు రాలాయంటే, పేపర్లవాళ్లు క్రికెట్ స్కోరులా లెక్కపెట్టి వేసేవాళ్లు. ఊరంతా నవ్వుకుంది, నేనూ నవ్వుకున్నాను. కానీ ఇప్పుడు విదేశాలకు వెళ్లేవాళ్లు ఎక్కేది 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన రెండో టెర్మినల్. 1,260 కోట్లు పెట్టి కట్టారు, ముగ్గులూ చీరల అంచులూ కలిపి డిజైన్ చేశారు. దేశంలోపల తిరిగే విమానాలు 1, 4 టెర్మినళ్లలో. మూడోది ఏదని మాత్రం నన్ను అడక్కండి, రెండో టెర్మినల్ పెంచడానికి దాన్ని తీసేశారు. ఎనిమిదేళ్ల కిందటి ఫోటో పెట్టి "నిన్న జరిగింది" అని రాస్తే ఎలాగండీ?

వానకి మునుగుతుందన్న మాట ఉత్త అబద్ధం కాదు. 2015 డిసెంబర్ 1 రాత్రి అడయారు నది పొంగి రన్‌వే మీదికొచ్చింది. 6వ తేదీ దాకా మామూలు విమానాలు లేవు. కొన్నింటిని అరక్కోణంలోని నౌకాదళ స్థావరం నుంచి నడిపారు. రెండో రన్‌వేని అడయారు మీద వంతెన కట్టి అవతలికి పొడిగించారు మరి, ఏరు వచ్చినప్పుడు ఊరుకుంటుందా? 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపానుకి మూసి మర్నాడు పొద్దున తెరిచారు. 2024 నవంబర్ 30న ఫెంగల్‌కి మధ్యాహ్నం మూసి అర్ధరాత్రి దాటాక తెరిచారు. తుపాను వస్తే మూస్తారు. మూయకపోతేనే భయపడాలి. ఇంతకీ ఆ మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. దారిలో నెల్లూరుని నానబెట్టి మరీ వెళ్లింది. ఆ రోజు చెన్నై మునిగిందని నెల్లూరు నుంచి హైదరాబాద్ రైలెక్కడానికి ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు స్టేషన్‌కి పడవలో వెళ్లేవాడా?

టాక్సీ తప్ప దారి లేదన్నవాడు చెన్నై వచ్చి పదేళ్లయి ఉండాలి. 2016 సెప్టెంబర్ నుంచి ఎయిర్‌పోర్ట్‌లోకి మెట్రో ఉంది. నెల్లూరు నుంచి వచ్చే రైలు సెంట్రల్‌లో దిగగానే కిందికి దిగి మెట్రో ఎక్కితే ముప్పావు గంటలో టెర్మినల్ పక్కన తేలుతారు. అదీ వద్దంటే, ఎయిర్‌పోర్ట్ ముందున్న జీఎస్‌టీ రోడ్డుకి అవతల తిరుసూలం లోకల్ రైలు స్టేషన్ ఉంది. రెండూ లేనట్టే రాశాడు. హైదరాబాద్‌లో శంషాబాద్‌కి ఇంకా మెట్రో లేదు. బెంగళూరులో ఇంకా కడుతూనే ఉన్నారు.

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయినా. మన అమెరికా విమానాలు చాలావరకు కదిలేదీ దిగేదీ అర్ధరాత్రి తర్వాత. మెట్రో రాత్రి పదకొండింటికల్లా పడుకుంటుంది. ఇక యాప్‌లో పిలిచిన కారు టెర్మినల్ ముందుకు రాదు. మనమే పార్కింగ్ భవనం దాకా పోవాలి. బ్యాటరీ బండి ఉంటుంది, దాని కోసం క్యూ కూడా ఉంటుంది. పోయిన జూన్‌లో రాత్రి రెండున్నరకి, రెండు పెట్టెలూ ఒక కుక్కరూ ఉన్న మా అత్తగారిని ఆ భవనంలో వెతుక్కుంటూ నేను ఒక అంతస్తులో, ఆవిడ ఇంకో అంతస్తులో ఇరవై ఐదు నిమిషాలు తిరిగాం. "ఇక్కడ లిఫ్ట్ పక్కన స్తంభం ఉంది" అంటారావిడ ఫోన్లో. అక్కడ ఎటు చూసినా స్తంభాలే. పక్కనే సినిమా హాలు కూడా కట్టారు, వెతికి వెతికి అలిసిపోతే కూర్చోవడానికేమో. ఈ ఒక్క పాయింటూ సరిగ్గా రాసి ఉంటే ఆ మెసేజ్‌ని నేనే నలుగురికి పంపేవాణ్ణి.

ఇప్పుడు బంగారం. మిగతా ఆరూ వదిలేసినా దీన్ని వదలను.

పోయిన నెల మా పెద్దమ్మ డాలస్ ప్రయాణం. రాత్రి తొమ్మిదికి త్రాసు ముల్లు 24న్నర చూపించింది. మా ఆవిడ అలవాటు ప్రకారం సూట్‌కేసు తెరిచి కందిపొడి డబ్బా చేతిలోకి తీసుకుంది. డబ్బా చేతికి బరువుగా ఒరిగింది. మూత తీసి స్పూను పెడితే పొడి కింద ప్లాస్టిక్ కవరు, కవర్లో నల్లపూసల గొలుసు, నాలుగు గాజులు. మా పెదనాన్న చేయించినవి. వాటికి కారం, వెల్లుల్లి వాసన.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"రేయ్, గట్టిగా అరవబాకు. మెసేజ్‌లో పెట్టమన్నారు గదా."

"ఎవరు పెట్టమన్నారు?"

"అందరూ."

ఆ "అందరూ"లో నా తోడల్లుడు ఉన్నాడు, కావలి మావయ్య ఉన్నాడు. వాళ్లెవరూ గాజులు పోతే కొనిపెట్టరు.

ఒక్కొక్కటీ చూద్దాం. చెకిన్‌లో వేసిన పెట్టె మన చేతిలోంచి పోయాక ఎన్ని చేతులు మారుతుందో మనకి తెలియదు. అందులో నగలు పెట్టొద్దని, పోతే బాధ్యత మాది కాదని విమానాల కంపెనీలే నిబంధనల్లో రాస్తాయి. ఇది మొదటి నష్టం. రెండోది ఇంకా ఘోరం. చెన్నై కస్టమ్స్ వాళ్లు రోజూ చూసేది బంగారాన్ని పేస్టు చేసి ఒంట్లో దాచుకున్నవాళ్లనీ, మిక్సీ మోటార్లలో, చెప్పుల మడమల్లో పెట్టుకొచ్చేవాళ్లనీ. తిరిగొచ్చేటప్పుడు ఎక్స్‌రేలో పచ్చడి డబ్బాలో గుండ్రంగా గాజులు కనబడితే వాళ్లు "పాపం, ఎవరో నెల్లూరు పెద్దావిడ" అనుకుంటారా? మెడలో ఉంటే నగ. డబ్బాలో దాస్తే కేసు. మన బంగారానికి మనమే దొంగలమై నిలబడాలి. భేషైన సలహా!

ఇక ఆ 40 గ్రాముల లెక్క. ఏడాదికి పైగా విదేశాల్లో ఉండి వచ్చేవాళ్లు అక్కడ కొన్న నగలు సుంకం లేకుండా తెచ్చుకోవడానికి ఉన్న పరిమితి అది. ఆడవాళ్లకి 40 గ్రాములు, మగవాళ్లకి 20. దాటితే చెప్పి సుంకం కట్టాలి, అంతేగానీ లాక్కుంటారని కాదు. ఆర్నెల్లు కొడుకు దగ్గర ఉండి, ఇక్కడినుంచి మెడలో వేసుకెళ్లిన గొలుసుతోనే తిరిగొచ్చే పెద్దమ్మకి ఆ లెక్కతో పనే లేదు. అది తనదేనని చూపించగలిగితే చాలు. అందుకే వెళ్లేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో నగలు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకునే పద్ధతి ఉంది. బిల్లు గానీ, తూకం కాగితం గానీ, ఫోటోలు గానీ ఉంటే మంచిది. ఇదంతా దేశం మొత్తానికీ ఒకటే చట్టం. శంషాబాద్‌లో దిగితే వేరే కస్టమ్స్ ఉండదు, వేరే త్రాసు ఉండదు.

మరి అసలు ఎప్పుడూ లాక్కోలేదా అంటే, లాక్కున్నారు. అదీ ఈ చెన్నైలోనే. 2023 చివర్లో వచ్చిన ఒక శ్రీలంక కొత్త పెళ్లికూతురి తాళిగొలుసు, గాజులు కస్టమ్స్ వాళ్లు తీసేసుకున్నారు. ఆవిడ మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. ఒంటి మీద వేసుకున్నదాన్ని సామానుగా లెక్కగట్టడమేమిటి, మనుషుల ఆచారాల్ని గౌరవించరా అని 2025 మొదట్లో కోర్టు చీవాట్లు పెట్టి తిరిగి ఇచ్చేయమంది. అంటే భయం గాలిలోంచి పుట్టలేదు. కానీ గమనించారా, ఆవిడ గెలిచింది నగ మెడలో ఉండబట్టి. కందిపొడిలో ఉంటే ఏ జడ్జిగారికి ఏమని చెప్పుకునేది?

ఇదంతా ఆ రాత్రి పెద్దమ్మకి చెప్పడానికి గంటన్నర పట్టింది. గాజులు మూడుసార్లు కడిగినా వెల్లుల్లి వాసన పోలేదు. మర్నాడు గంట ముందే బయల్దేరదీశాం. లోపలికెళ్లి కాగితం రాయించుకుని, "అరగంటలో అయిపోయిందిరా, ఆ పిల్ల నన్ను అమ్మా అనింది" అని ఫోన్ చేసింది. ఏ పిల్లో, కస్టమ్స్ ఆఫీసరో పక్కన నిలబడ్డ ఇంకెవరో నాకు తెలియదు.

మిగిలింది హైదరాబాద్ సలహా. నేను హైదరాబాద్‌కి వ్యతిరేకిని కాను. శంషాబాద్ బావుంటుంది, పుష్పక్ బస్సులు బావుంటాయి. కానీ నెల్లూరు నుంచి చెన్నై 180 కిలోమీటర్లు, హైదరాబాద్ 450. అక్కడికెళ్లినా అమెరికాకి నేరు విమానం లేదు. 2021లో షికాగోకి ఒకటి మొదలుపెట్టి ఆపేశారు. రాత్రంతా రైల్లో పడి వెళ్లి, మళ్లీ ఏ దుబాయ్‌లోనో దోహాలోనో మారాల్సిందే. ఇక్కడినుంచీ అంతే. మోకాళ్ల నొప్పులున్న మనిషిని 270 కిలోమీటర్లు అదనంగా తిప్పి "హాయిగా" అన్నవాడికి ఎవరైనా ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ నంబరు ఫార్వర్డ్ చేయండి.

పెద్దమ్మ తిరుగు టికెట్ కూడా చెన్నైకే. దిగేది తెల్లవారుజామున రెండు పదికి. యాప్ కారు పిలవొద్దని, నేనే వస్తానని, బయటికి రాగానే కదలకుండా అక్కడే నిలబడమని ఇప్పటినుంచే వారం వారం చెబుతున్నాను. స్తంభం నంబరు చూసి చెబుతానంటోంది.