ఒక్క ప్రార్థనతో దుర్గం కూలుతుందా?
గట్టి విశ్వాసంతో ఒక్కసారి ప్రార్థిస్తే మనసులోని దుర్గాలు, అంటే మనల్ని వదలకుండా పట్టి ఉంచే తప్పుడు తలంపులు, కూలిపోతాయని ఒక వ్యాసంలో చదివి అక్కడే ఆగిపోయాను. కొందరికి అలా జరిగి ఉండవచ్చు, కాదనను. నాకు జరగలేదు. ‘దేవుడు నన్ను ఇక క్షమించడు’ అనే తలంపు ఏళ్ల తరబడి వెంటాడింది. ప్రార్థన ముగించి లేచేసరికి మళ్లీ గుమ్మంలో నిలబడి ఉండేది. బైబిల్లోని రెండవ కొరింథీ పత్రిక (కొరింథు సంఘానికి రాసిన లేఖ) 10వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దుర్గాలను పడద్రోయడం గురించి చెప్పి, ఆ వెంటనే ప్రతి ఆలోచననూ క్రీస్తుకు లోబడేలా చెరపట్టాలంటాడు. ప్రతి ఆలోచననూ అంటే ఒక పూటలో తేలే పనా? అదే పత్రిక 12వ అధ్యాయంలో, తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తొలగించమని ఆయన ప్రభువును మూడుసార్లు వేడుకుంటే దొరికిన జవాబు కృప చాలునన్నదే. నాలో మార్పు మొదలైంది, ఆ తలంపును సంఘంలోని ఒక పెద్దావిడ ముందు నోరు విప్పి చెప్పిన రోజున. ఆమె ప్రసంగమేమీ చేయలేదు. క్రీస్తు యేసులో ఉన్నవారికి ఏ శిక్షావిధీ లేదనే రోమా పత్రిక 8వ అధ్యాయం మొదటి వచనం చూపించి, తలంపు వచ్చినప్పుడల్లా పైకి చదవమన్నారు, అంతే. నెలలు పట్టింది. నిద్ర పట్టని రోజుల్లో వైద్యుడి దగ్గరికీ వెళ్లాను (దాన్ని అవిశ్వాసమన్నవారూ ఉన్నారు, వారితో వాదించలేదు). ఆ తలంపు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, మునుపటిలా రోజంతా ఉండదు.