మూకకు పిచ్చి, పండితుడికి భయం

మనిషి ఒంటరిగా ఉంటే బుద్ధిమంతుడు, పదిమందిలో పడితే మృగం. ఈ మహాసత్యాన్ని 1895లో గుస్తావ్ లె బాన్ అనే ఫ్రెంచి పెద్దమనిషి లోకానికి చాటాడు. గుంపులో ఆవేశం అంటువ్యాధిలా పాకుతుందట. వైద్యం చదివినవాడు కదా, రోగానికి పేరు బాగానే పెట్టాడు. పైగా 1871లో పారిస్ జనం తిరగబడి నగరాన్ని చేతుల్లోకి తీసుకున్న ‘పారిస్ కమ్యూన్‌’ను కళ్లారా చూసి హడలిపోయినవాడు. భయపడ్డవాడి సాక్ష్యం కంటే నిష్పాక్షికమైనది ఇంకేముంటుంది?

అంటువ్యాధి మాటకొస్తే, తిరుగులేని రుజువు పండితుల్లోనే దొరికింది. సమాజమంటేనే అనుకరణ అని 1890లో గాబ్రియెల్ తార్ద్ అన్నాడు. మరుసటి ఏడాది ఇటలీలో షిపియో సిఘెలె నేరాలు చేసే గుంపుల మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత వచ్చిన లె బాన్ పేరు మోగిపోయింది. తన సరుకు ఎత్తుకుపోయాడని సిఘెలె లబోదిబోమన్నాడు. గుంపులో ఎవరి ఆలోచన ఎవరిదో తెలియదన్నది నిజమే మరి.

ఇంత చక్కటి సిద్ధాంతాన్ని చెడగొట్టడానికి చరిత్రకారులు దాపురించారు. జార్జ్ రూడే పాత పోలీసు కాగితాలు తిరగేసి 1959లో ఏం చెప్పాడయ్యా అంటే, ఫ్రెంచి విప్లవం మొదట్లో పారిస్‌లోని బాస్టీల్ కోట జైలు మీద పడ్డవాళ్లు దొంగలూ దిమ్మరులూ కారట. వడ్రంగులు, తాళాలు చేసేవాళ్లు, చిల్లర వర్తకులట! మృగానికి వృత్తి ఉండటమేమిటి, అసహ్యంగా? 1971లో ఇ.పి. థామ్సన్ ఇంకో అడుగు వేశాడు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో తిండిగింజల కోసం తిరగబడ్డవాళ్లు, గింజలు లాక్కుని, తమకు న్యాయమనిపించిన ధరకు అమ్మి, డబ్బు తీసుకెళ్లి యజమానికే ఇచ్చిన సందర్భాలున్నాయట. దోచుకోవడం కూడా చేతకాని మూక!

వీటన్నిటికంటే నాకు బొత్తిగా గిట్టనిది 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త వేసిన లెక్క. 100 మంది ఉన్నారనుకోండి. మొదటివాడు ఎవరి కోసమూ ఆగకుండా రాయి విసురుతాడు. రెండోవాడికి ముందు ఒకడు విసరాలి, మూడోవాడికి ఇద్దరు, అలా చివరివాడికి 99 మంది. మొదటి రాయి పడగానే వరసగా నూరు చేతులూ లేస్తాయి. ఇప్పుడు ఆ రెండోవాణ్ణి ఇంటికి పంపి, ఇద్దరు విసిరితే గానీ కదలని మనిషిని అక్కడ నిలబెట్టండి. పడేది ఒక్క రాయే. మిగతా 99 మందీ గుడ్లప్పగించి చూస్తుంటారు.

మారింది ఒక్క మనిషి. నిన్న ‘మూక ఉన్మాదం’ అని రాసిన కలమే ఇవాళ ‘పిచ్చివాడి వీరంగం, సంయమనం పాటించిన ప్రజలు’ అని రాస్తుంది.