ముంచిన మైన్‌స్వీపర్లు శత్రువుకెలా దక్కాయి? ఒక వాదోపవాదం

1940 మేలో జర్మనీ దాడికి నెదర్లాండ్స్ లొంగిపోతున్న గంటల్లో డచ్చి నౌకాదళం ఐసెల్‌మీర్ సరస్సు ఒడ్డున ఉన్న ఎంక్‌హౌజెన్ రేవు దగ్గర తన మైన్‌స్వీపర్లు (నీళ్లలోని మందుపాతరల్ని తొలగించే నౌకలు) రెండింటిని తానే ముంచేసింది. వాటి పేర్లు పీటర్ ఫ్లోరిస్, అబ్రహాం వాన్ డెర్ హుల్స్ట్. జర్మన్లు వాటిని పైకి తీసి, ఎం 551, ఎం 553 అని నంబర్లు వేసి వాడుకున్నారు. ఇది తప్పించగలిగిందా, కాదా అన్నదే వాదం.

వాది: ఆ నౌకల్ని ముంచారంటే నేనొప్పుకోను, దాచిపెట్టి వెళ్లారు. ఐసెల్‌మీర్ సరస్సు సగటు లోతు ఐదు మీటర్లకు అటూ ఇటూ. మామూలుగా తేలుతున్నప్పుడే నౌక అడుగు 2.2 మీటర్ల లోతున ఉంటుంది. నీళ్లు నింపితే ఇంకో రెండు మూడు మీటర్లు దిగి బురద మీద కూర్చుంటుంది. బ్రిడ్జి, పొగగొట్టం పైకి కనబడుతూనే ఉంటాయి. తీసేవాడికి వెతుక్కునే శ్రమ కూడా లేదు.

ప్రతివాది: మరి లోతు ఎక్కడుందో చెప్పండి. 1932లో ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే 32 కిలోమీటర్ల గట్టు వేశాక అది సముద్రం కాదు, మూసేసిన మంచినీటి చెరువు. బయటికి దారులు మూడు. గట్టు తూర్పు చివర కోర్న్‌వెర్డర్‌జాండ్ లాకుల దగ్గర పోరు నడుస్తోంది. దక్షిణాన ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా సముద్రతీరంలోని ఐముయ్‌డెన్ రేవుకు వెళ్లే కాలువ ఉంది. దాని ముఖద్వారంలో మే 14న డచ్చివాళ్లే యాన్ పీటర్ కూన్ అనే ప్రయాణికుల నౌకను అడ్డంగా ముంచారు.

వాది: మూడన్నారు, రెండే చెప్పారు! గట్టు పడమటి చివర డెన్ ఊవర్ లాకులు డచ్చి చేతుల్లోనే ఉన్నాయి కదా. లాకు వెడల్పు 14 మీటర్లు, నౌక వెడల్పు 7.8. పదమూడో తేదీ రాత్రే కదిలి ఉంటే సరిపోయేది. ఇదే తరగతి నౌక యాన్ వాన్ గెల్డర్ బ్రిటన్ చేరింది మరి.

ప్రతివాది: పదమూడున అవి వెళ్లిపోతే సరస్సుకు కాపలా ఎవరు? సరస్సుకు తూర్పునున్న ఫ్రీస్‌లాండ్ అప్పటికే జర్మన్ల చేతికి పోయింది. ఆ ఒడ్డునున్న స్టావోరెన్ నుంచి పడవలేసుకుని జర్మన్లు ఎంక్‌హౌజెన్‌లో దిగితే ‘హాలండ్ కోట’ అనుకున్న పడమటి రక్షణ ప్రాంతానికి వెనకద్వారం తెరిచినట్టే. సరస్సులోని గన్‌బోటు ఫ్రీసోను మే 12న జర్మన్ విమానాలు ముంచాయి. మిగిలిన కొద్ది నౌకలూ నిలబడక తప్పలేదు. పైగా బయటపడితే క్షేమమా? కోర్న్‌వెర్డర్‌జాండ్ దగ్గరి జర్మన్ ఫిరంగుల్ని గట్టు అవతలి వాడెన్ సముద్రం నుంచి కొట్టిన డచ్చి గన్‌బోటు యోహాన్ మారిట్స్ వాన్ నస్సావ్, మే 14న ఇంగ్లండ్ దారి పట్టగానే విమానాలకు బలైంది. మన నౌకల వేగం 15 నాట్లు, ప్రధాన ఆయుధం ఒక్క 75 మి.మీ. ఫిరంగి.

వాది: సరే, ఉండటం తప్పు కాదనుకుందాం. వెళ్లేముందు చేయాల్సింది చేశారా అన్నదే అడుగుతాను. నౌకను శత్రువుకు దక్కకుండా చేయడమంటే నీళ్లు లోపలికి రానిచ్చే వాల్వులు తెరవడం కాదు, ఇంజన్ను చంపడం. ఒక్కో నౌకలో ఉన్నవి ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ (ఒకే ఆవిరిని వరుసగా మూడు దశల్లో వాడే) ఇంజన్లు రెండు, యారో రకం బాయిలర్లు రెండు. ఇంజన్ సిలిండరు పోత ఇనుము. దాని అడుగున చిన్న పేలుడు ఛార్జి పెడితే పగులుతుంది. పగిలిన పోత ఇనుముకు వెల్డింగ్ సరిగా నిలవదు, కొత్తది పోత పోయాలి, అందుకు అచ్చు కావాలి, నెలలు పడుతుంది. అలా కాకుండా నీళ్లు మాత్రమే నింపితే? నీళ్లు తోడి, విప్పి, తుడిచి, నూనె పట్టిస్తే మళ్లీ తిరుగుతుంది. ఉప్పునీళ్లయితే తుప్పు త్వరగా తినేది, అక్కడ అదీ లేదు. డైనమోలు, విద్యుత్ మోటార్లు మాత్రం కడిగి వేడిగదిలో ఆరబెట్టుకోవాలి.

ప్రతివాది: పైకి తీయడం అంత తేలికని ఎవరు చెప్పారు? డైవర్లు రంధ్రాలకు చెక్క బిరడాలు కొట్టి సిమెంటు వేయాలి. మునిగిన హ్యాచ్‌ల చుట్టూ నీటిమట్టం దాటేలా పలకల గోడ కట్టాకే పంపు పెట్టాలి. తొందరపడి అన్ని గదులూ ఒకేసారి తోడితే సగం నిండిన గదుల్లోని నీళ్లు ఒక పక్కకు ఒరిగి నౌకను బోర్లా పడేస్తాయి.

వాది: నా మాటే చెప్పారు. పక్కకు పడిన నౌకను తీయడం నిటారుగా ఉన్నదాన్ని తీయడానికి ఎన్నో రెట్లు కష్టం. అందుకే ముంచేవాడు ఒక పక్క గదులే ముందు నింపాలి.

ప్రతివాది: నౌక ఒరగాలంటే కింద నీళ్లుండాలి. అంత తక్కువ లోతులో అడుగు ముందే బురదకు తగిలి కదలకుండా నిలబడిపోతుంది. ఇక నల్లబల్ల మీద ఇదంతా బాగానే ఉంటుంది. మే 14న రాటర్‌డామ్ మీద బాంబులు పడ్డాయి, సాయంత్రానికే లొంగుబాటు ప్రకటన వచ్చింది. ఛార్జీలు అమర్చి, తీగలు లాగి, సిబ్బందిని దించడానికి పగలొకటి కావాలి. పక్కనే ఊరు, జనం.

వాది: ఊరిని కాపాడుతూనే సుత్తితో చేసే పనులున్నాయి. సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్వు గేర్ విప్పి సరస్సులో పారేయొచ్చు. పనిముట్లు తెలిసిన నలుగురికి రెండు గంటలు చాలు.

ప్రతివాది: అవి జర్మన్ వర్క్‌షాపులు వారాల్లో చేసుకునే భాగాలు. ఆలస్యమవుతుందంతే, దక్కకుండా పోదు. మీరన్నట్టు సిలిండర్లు పగలగొట్టి ఉంటే మాత్రం యుద్ధం ముగిశాక పీటర్ ఫ్లోరిస్ డచ్చివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చేదా?

వాది: వచ్చింది నిజమే. ఈలోగా అది జర్మన్ నౌకల దారి శుభ్రం చేసిన సంవత్సరాల లెక్క ఎవరి పద్దులో రాస్తారు?