జనాభా లెక్కలో వలస వెళ్లినవాళ్లు ఎక్కడ?
ఒక ఊరి గురించి రాసిన వ్యాసం చదివాను. 2001 జనాభా లెక్కలతో పోలిస్తే 2011లో ఆ ఊరి జనాభా తగ్గింది కాబట్టి రైతులు శాశ్వతంగా ఊరు వదిలేస్తున్నారని అందులో తేల్చేశారు. అంత తొందరగా ఒప్పుకోలేను. 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా ఇంటి దగ్గర లేనివాళ్లను ఆ ఊరి లెక్కలో వేయరు, ఎక్కడ ఉంటే అక్కడే రాస్తారు. వర్షాధార పంటల ఊళ్లలో ఖరీఫ్ కోతలయ్యాక పనుల కోసం బయటికి పోయేది సరిగ్గా అప్పుడే కదా! పాలమూరు వైపు ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను మాత్రం ఉంచి వెళ్లిన కుటుంబాలను నేను చూశాను. తొలకరికి మళ్లీ వచ్చి దుక్కులు దున్నుకుంటారు. వాళ్లు ఊరు వదిలేసినట్టా? ఇంకో చిక్కు, సెన్సస్‌లో ఊరంటే రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో హద్దులున్న గ్రామం. చుట్టూ ఉన్న శివారు పల్లెలు, తండాలు అన్నీ మామూలుగా ఆ ఒక్క పేరు కిందే కలిసిపోతాయి. మనం చూసే రచ్చబండ, గుడి ఉన్న ఊరు అందులో ఒక ముక్క మాత్రమే. జనాభా సున్నా అని రాసిన నిర్జన గ్రామాల్లో కూడా పొలాలు సాగవుతుంటాయి, రైతులు పక్క ఊళ్లో ఉంటారు, అంతే. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే 2011 అంకెల కన్నా ఓటర్ల జాబితా, బడిలో పిల్లల హాజరు చూసి ఉంటే బాగుండేది. వ్యాసంలో ఊరి చెరువు చరిత్ర రాసిన భాగం మాత్రం చాలా బాగుంది.